శ్రీరంగపట్టణ పతకము: కర్నల్ కాలిన్ మెకంజీ దొర చరిత్రము

మన మహాసభ వార్షిక సంచికలలో మన పూర్వుల చరిత్రములను ప్రకటించుట పరిపాటి. అట్టియెడ స్కాట్లండు దేశమున పుట్టి, తూర్పు ఇండియా కంపెనీవారి సేనలో నలువది యేండ్లకు దగ్గఱగా కొలువుచేసి, కలకత్తా సమీపమున మరణించిన యొక సైనికుని చరిత్రము నిచట చేర్చుట యేల యని చదువరులలో కొందఱకు సందేహము కలుగవచ్చును. సమాధానము సులభము. గుంటూరు, ఒంగోలు ప్రాంతముల నల్లరేగడి నేలలలో ఏ పల్లెనైనను తీసికొని, ఆ పల్లె నెవరు కట్టించిరి, చెఱువెవరు త్రవ్వించిరి, కరణీకపు మిరాశి యే యింటివారికి ఏ ప్రభువు కాలమున సంక్రమించెను అని వెదకబోయినచో, తుదకు మనము చేరునది మెకంజీ దొర సంపుటముల కడకే. ఆ సంపుటములను చేర్పించినది దొర. వ్రాసిన చేతులు మాత్రము మన కరణములవి. ఈ రెండు సంగతులను కలిపి చెప్పిననే గాని యాయన చరిత్రము సమగ్రము కాదని మా యభిప్రాయము.

కాలిన్ మెకంజీ 1754వ సంవత్సర ప్రాంతమున స్కాట్లండునకు వాయవ్యమున నున్న ల్యూయిస్ ద్వీపములోని స్టోర్నోవే పట్టణమున జన్మించెను. తండ్రి వర్తకుడు, ఆ యూరి తపాలా యధికారియు నాతడే. కుమారుడు కొంతకాలము స్వగ్రామమున సుంకపు కచేరిలో నుద్యోగము చేసెను. గణితశాస్త్రమునం దాతనికి చిన్ననాటనుండియు నభిరుచి మెండు. లాగరితములను గణితప్రక్రియను కనిపెట్టిన జాన్ నేపియర్ వంశమున పుట్టిన నేపియర్ ప్రభువు తన పూర్వుని చరిత్రమును వ్రాయ సంకల్పించి, హిందువులకు పూర్వకాలమున నీ గణితరహస్యములు తెలిసియుండెనా యని విచారించు పనిలో మెకంజీ సహాయమును గోరెను. ఆ ప్రభువు 1773లో గతించుటచే గ్రంథము నిలిచిపోయెను గాని, హిందూదేశ విద్యలపై పుట్టిన కుతూహలము మెకంజీని విడువలేదు.

1783లో నాతడు కాడెట్టు పదవి సంపాదించుకొని చెన్నపట్టణమున దిగెను. మీసములైనను మొలవని బాలురు కాడెట్లుగా వచ్చెడి యా దినములలో దాదాపు ముప్పది యేండ్ల వయస్సున పటాలమున చేరుట యొక వింతయే. అటుపిమ్మట నాతడు మరల స్వదేశమును చూడలేదు. వచ్చిన క్రొత్తలో మధురకు పోయి, నేపియర్ ప్రభువు కుమార్తెయగు హెస్టర్ జాన్‌స్టన్ దొరసాని యింట నచటి బ్రాహ్మణ పండితులను కలిసికొనెను. విద్యావిషయములలో నాతనికి దొరికిన తొలి తెరువది. కడుపు నింపినది మాత్రము కత్తియు కొలబద్దయునే. కోయంబత్తూరు, దిండిగల్లు సీమలలో కొంతకాలము యుద్ధసేవ చేసి, 1786లో కాల్బలమునుండి ఇంజనీర్ల శాఖకు మాఱెను.

అక్కడనుండి 1790 వఱకు నాతడు చెన్నపట్టణము, నెల్లూరు, గుంటూరు సీమలలో ఇంజనీరుగా నుండెను. ఉత్తర సర్కారులు 1765లోనే మొగలు చక్రవర్తి ఫర్మానాచే కంపెనీవారికి సంక్రమించినను, గుంటూరు సర్కారు మాత్రము నిజాము సోదరుడైన బసాలత్ జంగునకు జాగీరుగా నుండిపోయెను. బసాలత్ జంగు 1782లో మరణించెను. 1788లో గాని యా సీమ కంపెనీవారి స్వాధీనము కాలేదు. అనగా మెకంజీ దొర మన యూళ్ల నడుమ తిరుగునాటికి ఇది వారి చేతికి క్రొత్తగా వచ్చిన భూమి. దీని బాటలు, ఏఱుల రేవులు, కోటలు, నీటివసతులు దొరలకు తెలియవు. సేన నడువవలెనన్నను, ఫిరంగి లాగవలెనన్నను తెలిసితీరవలయును. ప్రత్తికిని మిరపకును పేరెన్నికగన్న యీ రేగడి వేసవిలో నెఱ్ఱెలువాఱి కాలు పెట్టనీయదు. వాన కురిసినచో బండిచక్రమును పట్టి విడువదు. ఇట్టి నేలలో బాటలు కొలుచుట యెంత ప్రయాసమో మన రైతు సోదరులకు మేము చెప్పనక్కఱలేదు. దేశమును కొలుచుట యుద్ధమునకే యారంభింపబడినది. ఈ మాటను మఱవరాదు. మెకంజీ దొర విద్యాభిమానమును పొగడువారు పెక్కండ్రు దీనిని దాటవేయుచుందురు.

తరువాతి యుద్ధసేవను క్లుప్తముగా చెప్పెదము. 1790 మొదలు 1792 వఱకు టిప్పూ సుల్తానుతో జరిగిన మూడవ మైసూరు యుద్ధమున పాల్గొనెను. 1793లో పుదుచ్చేరి ముట్టడిలో నుండి, ఆ సంవత్సరముననే కెప్టెనాయెను. 1795-96లలో డచ్చివారిపై సింహళమునకు వెడలిన దండులో ఇంజనీరుగా పనిచేసెను. నడుమ నడుమ నిజాము రాజ్యమున నుంచబడిన కంపెనీ సైన్యముతో నుండి యా రాజ్యపు పటములను తయారుచేసెను. 1794లో నల్లమల యడవులలో బడి శ్రీశైలమునకు పోయి, దేవాలయమును, ప్రాకారముపై చెక్కిన శిల్పములను చూచి వ్రాసిన వృత్తాంతము కలకత్తాలోని ఆసియాటిక్ సంఘమువారి సంపుటములలో నచ్చుపడినది. ఇంతవఱకు జరిగినది పదుమూడేండ్ల కొలువు. ఇన్ని సీమలు తిరిగియు నాతనికి దేశభాషలలో నొక్కటియు చక్కగా రాదు. ఈ లోపము నాతడే యొప్పుకొనియున్నాడు.

ఆ లోపమును తీర్చినవారు కావలి వెంకట బొర్రయ్యగారు. ఏలూరు నివాసులైన నియోగి కుటుంబమువారు. ఇరువది యేండ్ల ప్రాయమున, 1796 ప్రాంతమున, దొర కొలువున చేరిరి. తెలుగు, సంస్కృతము, కన్నడము, అఱవము, హిందూస్థానీ, ఆంగ్లేయము నెఱిగినవారు. హళగన్నడ శాసనముల లిపిని చదువు మార్గమును కనిపెట్టిన బుద్ధిశాలి. వీరితోడి పరిచయమే భారతీయ విజ్ఞానమందిరమునకు తనకు ద్వారము తెఱచినదని మెకంజీ దొర యనంతరకాలమున వ్రాసియున్నాడు. పదుమూడేండ్లు ద్వారము బయట నిలిచినవాడు లోపలికి వచ్చుట బొర్రయ్యగారి చేయి పట్టుకొనియే. బొర్రయ్యగారి తమ్ములు లక్ష్మయ్యగారును, రామస్వామిగారును అన్నగారి వెంట నా పనిలోనే ప్రవేశించిరి.

ఇక పతకము సంగతి. 1799లో నాలుగవ మైసూరు యుద్ధము వచ్చెను. మెకంజీ దొర నిజాము పక్షపు సైన్యముతో ఇంజనీరుగా శ్రీరంగపట్టణమునకు నడచెను. కోటగోడను పడగొట్టుటకు ఫిరంగి మెట్టలను కట్టించు పని ఇంజనీర్లది. ఆ సంవత్సరము మే నెల 4వ తేదీ మిట్టమధ్యాహ్నమున కంపెనీసేన పగిలిన గోడలోనుండి లోనికి జొచ్చెను. టిప్పూ సుల్తాను కోటలోనే పోరుచు మడిసెను. ఈ జయమునకు గుర్తుగా కంపెనీవారు పతకము వేయించిరి. బర్మింగుహాము చెంతనున్న బౌల్టన్ గారి సోహో టంకశాలలో కూచ్లర్ అను శిల్పి యచ్చులు చెక్కెను. వెడల్పు ఇంచుమించు రెండంగుళములు. ఒకవైపున సింహము పులిని నేలపై పడవైచి యణచుచుండును. సింహము బ్రిటిషువారికి, పులి టిప్పూకు చిహ్నములు. పైనున్న పతాకముపై దైవసింహము జయించునను నర్థముగల యరబ్బీ మాటలు గలవు. రెండవవైపున కోట ముట్టడి చిత్రము, క్రింద పారసీకాక్షరములు.

పతకము అందఱకును లభించినది గాని లోహ మొక్కటి కాదు. సేనానాయకులకు బంగారము, మేజరులు మొదలగు పై యధికారులకు బంగారు పూత పూసిన వెండి, కెప్టెన్లకును వారికి క్రిందివారికిని వెండి, హవల్దారులు మొదలగువారికి కంచు, సామాన్య సిపాయికి తగరము. కెప్టెనగు మెకంజీ తరగతికి వచ్చినది వెండి. కంపెనీ సిపాయీలను ఉత్తరదేశమున తిలంగాలని పిలుచుటనుబట్టియే యా పటాలములలో నొకప్పుడు తెలుగువారు ఏపాటిగా నుండిరో యూహింపవచ్చును. యుద్ధమైన కొన్ని యేండ్లకు గాని యీ పతకములు దేశమునకు రాలేదు. మఱియొక విశేషము. ఆ పతకముపై పొందినవాని పేరు చెక్కబడలేదు. తగరపు బిళ్ల యొకటి నేడు దొరకినను, దానిని ధరించిన సిపాయి యే యూరివాడో, ఎవరి కొడుకో చెప్పుటకు దానిలో నాధార మేమియు లేదు. రాజులు వేయించిన లోహము మాట యిట్లుండగా, ఆ యుద్ధమున పాల్గొన్న యీ దొర తరువాత సేకరించిన కాగితములలో పల్లెపల్లెకును పేర్లే పేర్లు.

శ్రీరంగపట్టణము పడిన పిదప మైసూరు రాజ్యమును కొలుచు భారము మెకంజీ దొరకు ఒప్పగింపబడెను. నలువది వేల చదరపు మైళ్ల దేశము. మన్యపు జ్వరములు దొరను, సహాయులను పీడించెను. సీమలోని డైరెక్టర్లు ఖర్చు తగ్గింపు మనిరి. అయినను పని ఇంచుమించు 1808 వఱకు సాగి పూర్తియాయెను. ఈ సర్వేలోనే యాతడు క్రొత్త పద్ధతిని త్రొక్కెను. పటముపై ఊరి గుర్తు పెట్టుటతో తృప్తినొందక, ఆ యూరి చరిత్రము, ఆచారములు, శాసనములు, కులములు, పంటలు అన్నియు వ్రాయింపసాగెను. ఇందులకు ముఖ్యాధారమైన బొర్రయ్యగారు 1803లో, ముప్పదియేండ్లయిన నిండకుండగనే, అకాలమరణము నొందిరి. వారి స్థానమున లక్ష్మయ్యగారు ముఖ్యులై, దొర మరణించువఱకు నా సంగ్రహకార్యము నంతటిని నడపిరి.

కైఫీయతు లెట్లు పుట్టినవో కొంచెము వివరించెదము. లక్ష్మయ్యగారి క్రింద గుమాస్తాలు, పండితులు ఉండిరి. వీరు జాబితాగా వ్రాసిన ప్రశ్నలను చేతబట్టుకొని సీమలపైకి పోవుదురు. ఊరి కరణమును, స్థలపురాణ మెఱిగిన అర్చకుని, వృద్ధులను కలిసికొని యడిగి వ్రాయించుకొందురు. కరణముల యింట తాటాకులపై వ్రాసిన కవిలెకట్టలున్నచో ప్రతి యెత్తించుకొందురు. అడిగినంతనే యిచ్చువారు తక్కువ. కంపెనీ మనిషి వచ్చి మాన్యమెప్పటిది, మిరాశి యెవరిది యని యడిగిన, శిస్తు పెంచుటకో మాన్యము లాగుకొనుటకో వచ్చినాడని యనుమానించుట సహజము. అందుచే జనులను నొప్పింపక, నమ్మకము కలిగించి, తగిన బహుమాన మిచ్చి సంపాదింపవలసియుండెను. ఆ నమ్మకమును కలిగింపగలిగినవాడు సీమదొర కాడు. ఊరివారి భాష, మర్యాద, చుట్టఱిక మెఱిగిన మనవాడే.

మన ప్రాంతపు కాగితములలో పేరొందినది కొండవీటి దండకవిలె. కాకతీయులు, కొండవీటి రెడ్లు, గజపతులు, 1515లో కొండవీడు గైకొన్న కృష్ణదేవరాయలు, తరువాత గోలకొండ సుల్తానులు, ఈ ప్రభువుల పాలనముల వరుస, సీమల విభాగము, కరణముల మిరాశీలు ఇందు గలవు. కాకతి గణపతిదేవుని నాట మంత్రి గోపరాజు రామన్న నియోగులకు గ్రామకరణీకము లిప్పించెనను గాథ మన సీమ కైఫీయతులలో మాటిమాటికి వచ్చుచుండును. మనవారి కది ప్రియమైన గాథ. అయినను కైఫీయతులలోని శకసంవత్సరములు చాలచోట్ల శిలాశాసనములతో పొసగవని చదువరులకు చెప్పుట మా విధి. కరణము తన యింటి హక్కును చెప్పుకొనునప్పుడు దాని ప్రాచీనతను కొంత పెంచి చెప్పుట మానవస్వభావము. కథ తప్పిన చోటను, చెఱువు పేరు, పొలము హద్దు, పంట పేరు, దేవాలయపు మాన్యము, పాడుపడిన పల్లె పేరు తప్పవు. ఆ వివరములకే కైఫీయతు విలువ.

అమరావతి ప్రసక్తి యిచట రావలెను. రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు చింతపల్లినుండి తరలివచ్చి, అమరావతిలో క్రొత్త పట్టణమును నిర్మించుచుండగా, దీపాలదిన్నె యను మెట్టనుండి పాలరాతి ఫలకములు బయల్పడినవి. 18వ శతాబ్దపు చివరి యేండ్లలో మెకంజీ దొర యీ వార్త విని వచ్చి చూచెను. అది బౌద్ధస్తూపమని యప్పటి కెవరికిని తెలియదు. దొరయు జైనుల కట్టడమేమో యని తలంచెను. మరల 1816లో చిత్రకారులను, కొలతగాండ్రను వెంటబెట్టుకొని వచ్చి, శిలాఫలకములను గీయించెను. ఆ నడుమ నెన్నియో ఫలకములు కట్టడములకు పోయెను, సున్నపు బట్టీలలో కాలిపోయెను. నేడు కంటికి కానరాని కొన్ని శిల్పముల రూపము ఆ చిత్రములలోనే మిగిలియున్నది. కొన్ని ఫలకములను దొరయే కదలించి పంపించెననియు చెప్పవలెను. వానిలో కొన్ని కలకత్తా చేరినవి. 1845లో వాల్టర్ ఇలియట్ దొర త్రవ్వించినవి చెన్నపట్టణము మీదుగా లండను ప్రదర్శనశాలకు పోయినవి. కృష్ణ యొడ్డున మెట్ట మిగిలినది.

1806లో మేజరై, 1810లో చెన్నరాజధాని సర్వేయరు జనరలు పదవి నధిష్ఠించియుండిన మెకంజీ దొర మఱొక యుద్ధమునకు పోవలసివచ్చెను. 1811లో గవర్నరు జనరలు మింటో ప్రభువు స్వయముగా బయలుదేఱిన జావా దండయాత్రకు నాతడు ప్రధాన ఇంజనీరు. ఆగస్టు 26వ తేదీన కార్నెలిస్ కోట పట్టువడెను. 1812 జూనులో బ్రిటిషు సేన యోగ్యకర్త సుల్తాను నగరును కొల్లగొన్నప్పుడు, అచటి గ్రంథాలయపు పుస్తకములు దొరల పాలాయెను. పాలుపొందిన దొరలలో మెకంజీ యొకడు. మన యూళ్లలో కరణమును బుజ్జగించి ప్రతి వ్రాయించుకొన్నవాడే, అచట కత్తిబలముతో వచ్చినదానిని కాదనలేదు. ఈ రెంటిని విడదీసి, మంచిదానిని మాత్రము చెప్పుట చరిత్ర కాదు. ఆ ద్వీపముననే 1812లో డచ్చి కన్య యొకతెను వివాహమాడి, మరుసటి సంవత్సరము హిందూదేశమునకు మరలెను. 1815లో నాతనికి బాత్ బిరుదము వచ్చెను. ఆ యేడే హిందూదేశ మంతటికి సర్వేయరు జనరలుగా నియమితుడాయెను. దేశమంతటి కా పదవి పొందిన ప్రథము డాతడే.

1816లో హిక్కీ యను చిత్రకారుడు వ్రాసిన మెకంజీ దొర చిత్రపటము లండనులో భద్రముగా నున్నది. ఎఱ్ఱని సైనికదుస్తులతో దొర నిలిచియుండును. చెంత మువ్వురు భారతీయులు. ఒకరి చేత తాళపత్రగ్రంథము, ఒకరి చేత దూరదర్శిని. వెనుక దూరమున గోమఠేశ్వరుని విగ్రహము. దొర తన కొలువును గూర్చి యెఱిగిన సత్యము నా చిత్రకారుడు గ్రహించినట్లు తోచుచున్నది: సహాయులు లేని మెకంజీ చిత్రము మెకంజీది కాజాలదు.

1817లో దొర కలకత్తాకు తరలిపోయెను. లక్ష్మయ్యగారును, మఱికొందఱును స్వదేశము విడిచి యాతని వెంటబోయిరి. సంగ్రహమునకు పట్టిక వ్రాసి ప్రకటింపవలెనని దొర కోరిక. ఉద్యోగభారమును, అనారోగ్యమును అడ్డువచ్చెను. 1819లో కర్నలు పదవి లభించెను. 1821 మే 8వ తేదీన కలకత్తా సమీపమున కన్నుమూసెను. కాగితము లన్నియు పట్టికలేకయే మిగిలెను.

ప్రభుత్వమువారు వితంతువునకు లక్ష రూపాయలిచ్చి యా సంగ్రహమును కొనిరి. హొరేస్ విల్సన్ పండితుడు 1828లో పట్టికను ప్రకటించెను. దానినిబట్టి వాఙ్మయ గ్రంథములు 1,568, గ్రామచరిత్రములు 2,070, శాసనముల ప్రతులు 8,076, అనువాదములు 2,159, చిత్రములు 2,630, నాణెములు 6,218. ఒక్క సైనికుడు కొలువుచేయుచు నింత చేర్చుట యాశ్చర్యమే. అంతకంటె నాశ్చర్యము, వీనిని చేర్చి, చదివి, వర్గీకరించి, తెనిగించియు నాంగ్లీకరించియు నిచ్చినవారికి జరిగిన మర్యాద. లక్ష్మయ్యగారు మిగిలిన పనిని కొనసాగింతునని కోరిరి. చెన్నపట్టణమున హిందూ సాహిత్య సంఘమును స్థాపించి, దాని పక్షమున ప్రభుత్వము నర్థించిరి. ఆ విన్నపము కలకత్తా ఆసియాటిక్ సంఘమువారి యభిప్రాయమునకు పోగా, 1836లో జేమ్స్ ప్రిన్సెప్ గారు ప్రతికూలముగా వ్రాసిరి. స్వదేశస్థుడు సహాయకుడుగా తగునుగాని, స్వతంత్రముగా చారిత్రక పరిశోధన నడపుటకు చాలడని వారి నిర్ణయము. నలువది యేండ్ల పనితనము నట్లు త్రోసివేసిరి. ప్రిన్సెప్ గారు బ్రాహ్మీలిపిని చదివిన మహావిద్వాంసుడు. ఆయన విద్యను మేము శంకింపము, తీర్పును మాత్రము అంగీకరింపజాలము. రామస్వామిగారు అంతకు పూర్వమే, 1829లో, దక్కను కవుల చరిత్రములను ఆంగ్లమున రచించి కలకత్తాలో ముద్రింపించియుండిరి. చాలరనుటకు జవాబు అచ్చులోనే యుండెను.

ఇంతలో మన సీమపై పిడుగు పడెను. 1832-33లలో గుంటూరు కరవు వచ్చినది. నందన కరవనియు, డొక్కల కరవనియు పెద్దలు చెప్పుకొనెడిది. అయిదు లక్షల జనములో రెండు లక్షల వఱకు నశించిరని లెక్క. ఊళ్లకు ఊళ్లు పాడువడినవి. ఇంటివారే లేకుండ పోయిన తరువాత వారి కవిలెకట్టలను చూచువా రెవరు? చెదలు తినినవి కొన్ని, పొయ్యిలో పోయినవి కొన్ని. దొర మనుష్యులు వచ్చిపోయినది అంతకు పదునైదు, ఇరువది యేండ్ల ముందు గనుక, ఆ కరవున తుడిచిపెట్టుకొనిపోయిన కుటుంబముల పేర్లు కైఫీయతులలో నిలిచినవి. నాడు అనుమానింపక కట్ట విప్పి చూపిన కరణము తన యింటిపేరును దక్కించుకొనెను, దాచుకొన్నవానిది పోయెను.

దక్షిణదేశ భాషల కాగితములు విల్సన్ పట్టిక యచ్చైన పిమ్మట చెన్నపట్టణమునకు మరలి వచ్చినవి. శిథిలమగుచున్న వానికి సి. పి. బ్రౌను దొర శ్రద్ధచే ప్రతులు వ్రాయబడినవి. స్థానిక చరిత్రములని పండితులు వాడుకొనునవి యివియే. మూలములు చెన్నపురి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున చేరినవి. కొంతభాగము ముద్రితమైనది, పెక్కులు ఇంకను వ్రాతప్రతులుగనే యున్నవి. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కరణము మొదలగు వంశపారంపర్య గ్రామోద్యోగములను రద్దుచేసినప్పుడు కరణముల యిండ్లలోని పాతలెక్కలలో నెన్నియో చెల్లాచెదరయ్యెను. 2017లో దొర జన్మస్థానమగు స్టోర్నోవేలో మెకంజీ ప్రదర్శనము జరిగినప్పుడు హిక్కీ చిత్రపటమును అచటికి తీసికొనిపోయి యుంచిరి. కావలి సోదరుల ఏలూరునుండి ఒంగోలు వఱకు, ఏ గ్రామస్థుడైనను తన యూరి కైఫీయతు కలదో లేదో తెలిసికొనవలెనన్నచో, ఆ వ్రాతప్రతుల పట్టికలో ఊరిపేరు వెదకి, ప్రతికై దరఖాస్తు పెట్టవలయును.